చంపిన చేయి దొరికింది... చంపాలన్న ఉద్దేశం దొరికేదెలా?

ప్రత్యక్ష సాక్షి లేని హత్య కేసుల్లో అసలు చిక్కు అక్కడే
గొలుసులో ఒక్క కొక్కెం జారినా మారిపోతున్న శిక్ష
తొలి రెండు రోజుల దర్యాప్తే కీలకం

తిరుపతి: 2021 జూన్‌ నెల. కరోనా రెండో విడత భయం ఇంకా పూర్తిగా వీడని రోజులు. తిరుపతి రుయా ఆసుపత్రి ఆవరణలో కాలిన స్థితిలో ఓ మహిళ మృతదేహం బయటపడింది. సూట్‌కేసులో పెట్టి తెచ్చి తగులబెట్టినట్లు పోలీసులు గుర్తించారు. ఆమె కరోనాతో మరణించిందని భర్త బంధువులకు చెప్పాడని, అనుమానించిన బంధువులు ఆరా తీయడంతో గుట్టు వీడిందని అప్పట్లో వెల్లడించారు. వారు నివసించిన అపార్టుమెంటులోని సీసీ కెమెరాల్లో, అతడు పసిబిడ్డను ఎత్తుకొని సూట్‌కేసును ఈడ్చుకుంటూ వెళుతున్న దృశ్యాలు నమోదయ్యాయి. టీవీల్లో ఆ దృశ్యాలు చూసిన జిల్లా ప్రజలు నివ్వెరపోయారు. ‘ఇంకేం సాక్ష్యం కావాలి? వెంటనే శిక్ష వేయాల్సిందే’ అన్న మాట రచ్చబండల మీద వినిపించింది.

ఆ కేసులో తప్పొప్పులు తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే అటువంటి కేసు ఏది విచారణకు వచ్చినా న్యాయమూర్తి ముందు నిలిచే ప్రశ్న ఒకటుంది. కెమెరా వరండాను చూసింది, లిఫ్టును చూసింది. గదిలోపల జరిగిన దానిని చూడలేదు. మృతదేహాన్ని తరలించిన వ్యక్తి ఎవరో అది చెప్పగలదు. ఆ ప్రాణం ఎలా పోయిందో, పోగొట్టిన వ్యక్తి మనసులో ఆ క్షణాన ఏముందో చెప్పలేదు. హత్యా నేరానికి శిక్ష పడాలంటే చేయి ఎవరిదో తేలితే చాలదు. ఆ చేతి వెనుక ఉన్న ఉద్దేశం కూడా తేలాలి. ప్రత్యక్ష సాక్షి లేనిచోట పోలీసులు అల్లవలసిన గొలుసులు రెండు. ఒకటి చేతిని మరణంతో కలపాలి. రెండోది మనసును మరణంతో కలపాలి. మొదటి గొలుసు పూర్తికాగానే కేసు ఛేదించామని విలేకరుల సమావేశం పెట్టడం రివాజు. రెండో గొలుసు బలహీనంగా ఉంటే కోర్టులో కేసు పల్చబడుతుంది.

ప్రాణం ఒకటే.. శిక్షలు వేరు

మనిషి చేతిలో మనిషి చనిపోయిన ప్రతి ఘటనా చట్టం దృష్టిలో హత్య కాదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షన్‌ హత్యను నిర్వచిస్తుంది. 103వ సెక్షన్‌ దానికి ఉరి లేదా యావజ్జీవ శిక్షను నిర్దేశిస్తుంది. పాత భారత శిక్షాస్మృతిలో ఇవే 300, 302 సెక్షన్లు. హత్య కిందకు రాని నేరపూరిత నరహత్యకు శిక్ష 105వ సెక్షన్‌లో ఉంది. పాత చట్టంలో అది 304. మరణం సంభవించే గాయం చేయాలన్న ఉద్దేశం ఉంటే యావజ్జీవం, లేదా అయిదు నుంచి పదేళ్ల వరకు జైలు. ఉద్దేశం లేకుండా, ప్రాణం పోవచ్చునన్న ఎరుక మాత్రమే ఉంటే గరిష్ఠంగా పదేళ్లు. కేవలం నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్‌ కింద సాధారణంగా గరిష్ఠ శిక్ష అయిదేళ్లు.

అంటే శవం అదే, నిందితుడు అతడే అయినా ఉరికంబానికీ, అయిదేళ్ల జైలుకూ మధ్య ఉన్న దూరమంతా మనసు అనే కంటికి కనిపించని వస్తువు మీద ఆధారపడి ఉంది. మృతదేహాన్ని దాచడం, తగులబెట్టడం, ఆనవాళ్లు చెరిపివేయడం విడిగా మరో నేరం. పాత 201వ సెక్షనే ఇప్పటి 238. హత్య వంటి కేసులో దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. దాచిన వ్యక్తి ఏదో తప్పు చేశాడన్న అనుమానానికి అది బలమిస్తుంది. కానీ తోపులాటలో తలకు దెబ్బతగిలి భార్య చనిపోతే బెదిరిపోయి శవాన్ని దాచిన వాడూ ఉంటాడు. ముందే పథకం వేసి గొంతు నులిమి దాచిన వాడూ ఉంటాడు. దాచడం ఇద్దరికీ సమానమే. ఉద్దేశం సమానం కాదు. ఆ తేడాను చూపవలసిన భారం ప్రాసిక్యూషన్‌దే.

ఇనుప పెట్టె చెప్పిన పాఠం

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఎనభై ఏళ్లకు పైగా న్యాయ కళాశాలల్లో విద్యార్థులు చదువుతున్న పాకాల నారాయణస్వామి కేసు తెలుగువారిదే. 1937 మార్చి 23న పూరీ రైల్వేస్టేషన్‌లో ఆగిన రైలు మూడో తరగతి పెట్టెలో, ఎవరూ అడగని ఉక్కు ట్రంకు పెట్టె ఒకటి దొరికింది. తెరిచి చూస్తే ఏడు ముక్కలుగా నరికిన మృతదేహం. మృతుడు కుర్రీ నూకరాజు, పిఠాపురం దివాను వద్ద బంట్రోతుగా పనిచేసిన వ్యక్తి. నిందితుడు ఆ దివాను అల్లుడు, బరంపురం వాసి. 1936లో నిందితుడి భార్య నూకరాజు దగ్గర 3,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. 1937 మార్చి 20న నూకరాజుకు రమ్మంటూ ఉత్తరం వచ్చింది. అప్పు సొమ్ము ఇస్తామన్నారు, బరంపురం వెళుతున్నానని భార్యతో చెప్పి మరునాడు బయలుదేరాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

చంపుతుండగా చూసిన వారెవరూ లేరు. అప్పు, ఉత్తరం, మృతుడు భార్యతో చెప్పిన మాట, ట్రంకు పెట్టె వివరాలు, ఇవే సాక్ష్యాలు. కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌ దాకా వెళ్లింది. 1939 జనవరి 19న లార్డ్‌ అట్కిన్‌ తీర్పు చెప్పారు. మృతుడు బయలుదేరే ముందు భార్యతో అన్న మాట అతని మరణానికి దారితీసిన పరిస్థితుల్లో భాగమేనని, దానిని సాక్ష్యంగా స్వీకరించవచ్చునని తేల్చారు. అదే సమయంలో నిందితుడు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాన్ని వాడరాదని కొట్టివేశారు. ఆ వాంగ్మూలం లేకపోయినా మిగిలిన సాక్ష్యాలు చాలునని అప్పీలును తోసిపుచ్చారు.

ఈ కేసులో గమనించవలసింది వరుసక్రమం. అప్పు ఉండటం ఒక్కటే అయితే అది చంపడానికి ఉండగల కారణం మాత్రమే. డబ్బిస్తామని పిలిపించడం, వచ్చిన మనిషి మళ్లీ కనిపించకపోవడం, మూడో రోజుకు పెట్టెలో శవమై తేలడం కలిస్తే అది పథకంగా కనిపిస్తుంది. ఈనాటి సూట్‌కేసు కేసులకూ అదే కొలబద్ద. పెట్టె ఎప్పుడు కొన్నారన్నది చిన్న ప్రశ్న కాదు. మరణానికి ముందురోజు కొంటే అది సన్నాహం. మరణం తర్వాత కొంటే అది కంగారు కావచ్చు, కప్పిపుచ్చుకోవడం కావచ్చు. దుకాణంలో ఇచ్చిన బిల్లు మీది తేదీ, సమయం ఒక్కోసారి పది మంది సాక్షుల కన్నా గట్టిగా మాట్లాడతాయి. ఆ బిల్లు కోసం దర్యాప్తు అధికారి ఎన్నో రోజున దుకాణానికి వెళ్లాడన్నది అసలు సంగతి.

అనుమానం ఎంత బలమైనదైనా..

సాందర్భిక సాక్ష్యాలతో నడిచే కేసులకు సుప్రీంకోర్టు 1952లో హనుమంత్‌ కేసులోనే పునాది వేసింది. 1984లో శరద్‌ బిర్ధీచంద్‌ శార్దా కేసులో దానిని అయిదు సూత్రాలుగా విడమరిచింది. నేరాన్ని సూచించే ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. ఆ పరిస్థితులన్నీ నిందితుడి నేరంతోనే పొసగాలి. అవి నిశ్చయాత్మకంగా ఉండాలి. నేరం కాని మరే వివరణకూ చోటివ్వకూడదు. చివరగా, గొలుసు ఎక్కడా తెగకుండా ఉండాలి. అనుమానం ఎంత బలమైనదైనా రుజువుకు సాటి రాదన్నది దీని సారాంశం. 1989లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పాదాల వీరారెడ్డి కేసులోనూ సుప్రీంకోర్టు ఇవే కొలతలను స్పష్టం చేసింది. నేటికీ కింది కోర్టుల తీర్పుల్లో ఆ పేరు తరచూ కనిపిస్తుంది.

శార్దా కేసు చిత్తూరు, తిరుపతి పల్లెలకు మరో విధంగా దగ్గరిది. 1982లో పుణెలో ఓ యువతి విషం వల్ల చనిపోయింది. భర్తే చంపాడని కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. బతికుండగా ఆమె రాసిన ఉత్తరాల్లో తీవ్ర వేదన కనిపించడంతో, ఆత్మహత్య కాదని చెప్పలేమంటూ సుప్రీంకోర్టు అతడిని విడుదల చేసింది. విషం కేసుల్లో నాలుగు సంగతులు తేలాలని చెప్పింది. విషం పెట్టడానికి గట్టి కారణం ఉండాలి. విషం వల్లనే చనిపోయారని తేలాలి. ఆ విషం నిందితుడి వద్ద ఉండాలి. దానిని ఇచ్చే అవకాశం అతనికి ఉండాలి. పురుగుమందు డబ్బా ప్రతి రైతు ఇంటి చూరు కింద ఉండే ప్రాంతమిది. ‘అతని దగ్గర మందు ఉంది’ అన్నది ఇక్కడ ఊరందరికీ వర్తించే మాట. కనుక మిగిలిన మూడింటి మీద దర్యాప్తు మరింత గట్టిగా ఉండాలి.

కారణం వేరు.. ఉద్దేశం వేరు

స్టేషన్లలోనూ, ఊళ్లలోనూ ఎక్కువగా కలగాపులగమయ్యే రెండు మాటలు ఇవి. పొలం గట్టు తగాదా, ఆస్తి పంపకం, అనుమానం, అప్పు, ఇవన్నీ కారణాలు. ఎందుకు చంపి ఉండవచ్చునన్న ప్రశ్నకు జవాబులు. ఆ క్షణంలో చంపాలనుకున్నాడా, కొట్టాలనుకున్నాడా, బెదిరించాలనుకున్నాడా అన్నది ఉద్దేశం. గట్టు తగాదా ఉన్న అన్నదమ్ములు జిల్లాలో వేలల్లో ఉంటారు. వారంతా హంతకులు కారు. ప్రత్యక్ష సాక్షి ఉన్న కేసులో కారణం రుజువు కాకపోయినా నష్టం తక్కువ. సాందర్భిక సాక్ష్యాల కేసులో మాత్రం కారణం కనిపించకపోతే అది నిందితుడికి అనుకూలించే అంశమని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. అయితే కారణం రుజువైనంత మాత్రాన ఉద్దేశం దానంతట అది రుజువు కాదు.

అభియోగపత్రాల్లో ‘పాత కక్షలు మనసులో పెట్టుకొని, ఎలాగైనా చంపాలన్న ఉద్దేశంతో’ అనే వాక్యం దాదాపు అచ్చుకట్టినట్లు ఉంటుంది. ఆ వాక్యం వెనుక ఏ వస్తువు, ఏ గాయం, ఏ ఫోన్‌ కాల్‌ ఉన్నాయని నిందితుడి తరఫు న్యాయవాది అడిగినప్పుడు జవాబు ఉండాలి. లేకపోతే ఆ వాక్యం కాగితానికే పరిమితమవుతుంది.

గాయమే మాట్లాడాలి

మనసును ఎవరూ తెరిచి చూడలేరు. కనుక చేసిన పని నుంచే దానిని ఊహించాలి. 1958లో విర్సాసింగ్‌ కేసులో జస్టిస్‌ వివియన్‌ బోస్‌ ఇందుకు దారి చూపారు. పంజాబ్‌లో ఒకే ఒక్క బల్లెం పోటుతో ఓ యువకుడు మరణించాడు. చంపాలన్న ఉద్దేశం లేదని వాదన. శరీరం మీద ఉన్న గాయం ఏమిటి? ఆ గాయాన్నే చేయాలనుకున్నాడా, లేక పొరపాటున తగిలిందా? మామూలుగా అటువంటి గాయం ప్రాణం తీయడానికి చాలునా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే, చంపాలనుకున్నానని నిందితుడు ఒప్పుకోనక్కర్లేదు. కావాలని పొడిచాడు, ఆ పోటు ప్రాణాంతకం, అది హత్యే.

దీనికి తెలుగు నేల మీద నుంచి వెళ్లిన కేసు మరో కోణం చూపింది. చిత్తూరు జిల్లాలోనూ రొంపిచెర్ల ఉంది గానీ, ఇది అప్పటి గుంటూరు జిల్లాలోని రొంపిచర్ల. 1968 జులైలో గ్రామ కక్షల నేపథ్యంలో ఓ వర్గం పెద్దను బరువైన కర్రలతో కాళ్లు చేతులు విరగ్గొట్టారు. తల మీద, గుండె మీద దెబ్బ లేదు. మరునాడు ఆయన చనిపోయారు. కాళ్లు విరగ్గొట్టడమే ఉద్దేశం, చంపడం కాదన్న వాదనతో హైకోర్టు నేర తీవ్రతను తగ్గించింది. 1976లో రాయవరపు పున్నయ్య కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు తీర్పు తిరగబడింది. ఆయువుపట్టు మీద కొట్టకపోయినా, వయసు మళ్లిన మనిషిని వరుసగా అన్ని ఎముకలు విరిగేలా కొడితే ఆ గాయాలన్నీ కలిసి ప్రాణం తీయడానికి చాలునని, అది హత్యేనని జస్టిస్‌ సర్కారియా తేల్చారు. ‘కాళ్లు తీసేద్దామనుకున్నాం’ అన్న మాట కక్షల ప్రాంతంలో రక్షణ కవచం కాదని ఆ తీర్పు చాటింది.

2006లో పులిచెర్ల నాగరాజు కేసులో సుప్రీంకోర్టు, ఉద్దేశాన్ని తెలుసుకోవడానికి చూడవలసిన అంశాలను వరుసగా పేర్కొంది. ఆయుధం ఎటువంటిది? వెంట తెచ్చుకున్నాడా, అక్కడికక్కడ చేతికి దొరికిందా? దెబ్బ ఆయువుపట్టుకు గురిపెట్టాడా? ఎంత బలంగా కొట్టాడు? ఒక్క దెబ్బా, పలు దెబ్బలా? అప్పటికప్పుడు పుట్టిన తగాదానా, ముందే అనుకున్నదా? పాత శత్రుత్వం ఉందా? తీవ్రంగా రెచ్చగొట్టే ఘటన జరిగిందా? ఎదుటివారి నిస్సహాయతను ఆసరా చేసుకున్నాడా? ఈ జాబితాకు అదనంగా మరెన్నో అంశాలు ఉండవచ్చునని కూడా చెప్పింది.

రాయలసీమ పల్లె భాషలో చెప్పాలంటే, వంటింట్లోని రోకలికీ, సానపట్టించి సంచిలో పెట్టుకొచ్చిన వేటకొడవలికీ తేడా అదే. మాటామాటా పెరిగి పక్కనున్న రోకలితో ఒక్క దెబ్బ కొట్టినవాడిది ఒక మనసు. బస్సు దిగే వేళ తెలుసుకొని, మామిడి తోపు మలుపులో కొడవలితో కాచుకున్నవాడిది మరో మనసు. సాక్షి లేకపోయినా వస్తువులు ఈ తేడాను చెబుతాయి. కొడవలికి సాన పెట్టిన కమ్మరి, ఆ రోజు సెలవు పెట్టిన రికార్డు, దారి కాచిన చోట పడి ఉన్న బీడీ ముక్కలు, అక్కడ గంటసేపు నిలిచిపోయిన ఫోన్‌ సిగ్నల్‌ రెండో గొలుసుకు కొక్కేలు.

నాలుగు గోడల మధ్య

భార్యాభర్తలు మాత్రమే ఉన్న ఇంట్లో ఒకరు చనిపోతే రెండోవారు నోరు విప్పాలా? సాక్ష్య చట్టంలోని పాత 106వ సెక్షన్‌, నేటి భారతీయ సాక్ష్య అధినియమంలోని 109వ సెక్షన్‌ ఇందుకు సంబంధించినదే. ఒక వ్యక్తికి మాత్రమే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని వివరించవలసిన భారం ఆ వ్యక్తిదే. 2006లో త్రిముఖ్‌ మారుతి కిర్కన్‌ కేసులో, ఇంటి లోపల రహస్యంగా జరిగే నేరాల్లో ఇంట్లోని వారు నమ్మదగిన వివరణ ఇవ్వకపోతే అది గొలుసులో అదనపు కొక్కెం అవుతుందని సుప్రీంకోర్టు పేర్కొంది. కట్టుకథ చెప్పినా అంతే.

అయితే ఇది అడ్డదారి కాదు. 1956లోనే శంభునాథ్‌ మెహ్రా కేసులో దీనికి హద్దు గీశారు. ముందుగా ప్రాసిక్యూషన్‌ తన వంతు రుజువు చేయాలి. ఆ తరువాతే నిందితుడి మౌనానికి విలువ. ‘కరోనాతో పోయింది’ అని అబద్ధం చెప్పిన వ్యక్తి ఎవరైనా సరే, ఆ అబద్ధం మరో గొలుసుకు తోడవుతుందే గాని, గొలుసు లేనిచోట తానే గొలుసు కాలేదు. ఉద్దేశం విషయంలో ఇది ఇంకా నిజం. ఆ గదిలో ఇద్దరే ఉన్నారన్నది చేతిని చూపుతుంది. మెడ ఎముక విరిగిన తీరు, గోళ్ల గాట్లు, దెబ్బల సంఖ్య మనసును చూపాలి. శరీరం కాలిపోతే ఆ గుర్తుల్లో చాలాభాగం పోతాయి. నేరస్థుడు శవాన్ని తగులబెట్టడంలో ఉన్న అసలు లాభం ఇదే. పోస్టుమార్టం చేసే ఫోరెన్సిక్‌ వైద్యుడి పరిశీలన అందుకే అంత విలువైనది. బతికుండగా కాలిందా, చనిపోయాక కాల్చారా అన్నది శ్వాసనాళంలోని మసి, రక్తంలోని కార్బన్‌ మోనాక్సైడ్‌ను బట్టి చెప్పగల అవకాశం ఉంటుంది.

జిల్లా చూసిన మూడు కేసులు

ఉమ్మడి చిత్తూరు జిల్లా ఇటీవలి కాలంలో చూసిన మూడు సంచలన కేసులు ఉద్దేశానికి ఉన్న మూడు ముఖాలను చూపుతాయి.

మొదటిది 2019 నవంబరులో కురబలకోట మండలం అంగళ్లు వద్ద కల్యాణ మండపంలో జరిగిన అయిదేళ్ల చిన్నారి హత్య. పెళ్లికి వచ్చిన కుటుంబం బిడ్డను పోగొట్టుకుంది. సీసీ కెమెరా దృశ్యాలు దర్యాప్తుకు దారి చూపాయి. చిత్తూరు కోర్టు 2020 ఫిబ్రవరి 24న నిందితుడికి ఉరిశిక్ష విధించింది. ఘటన జరిగి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. ఇటువంటి కేసులో చేయి ఎవరిదో తేలితే ఉద్దేశం గురించి పెద్ద వాదన మిగలదు. పసిబిడ్డ మీద అటువంటి నేరానికి తగాదా, ఆవేశం, ప్రమాదం అన్న వివరణలేవీ పొసగవు.

రెండోది మదనపల్లె. 2021 జనవరి 24 రాత్రి విద్యాధికులైన దంపతులు తమ ఇద్దరు ఎదిగిన కుమార్తెలను ఇంట్లోనే చంపారన్న అభియోగం దేశమంతటినీ కలచివేసింది. బిడ్డలు తిరిగి లేస్తారన్న నమ్మకంతో ఉన్నట్లు పోలీసులు అప్పట్లో తెలిపారు. ఇక్కడ ప్రశ్న ఎవరు చేశారన్నది కాదు, ఏ మనసుతో చేశారన్నది. పాత 84వ సెక్షన్‌, నేటి న్యాయ సంహిత 22వ సెక్షన్‌ ప్రకారం, మతి చలించి తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలియని స్థితిలో చేసింది నేరం కాదు. ఆ స్థితిని చూపవలసిన భారం నిందితులదే. అయితే ప్రాసిక్యూషన్‌ అంతటి గట్టి రుజువు వారి నుంచి కోరరు. మూఢనమ్మకం ఒక్కటే మతిభ్రమణం కాదు. మానసిక వ్యాధి ఉన్నంత మాత్రానా ఈ రక్షణ దొరకదు. ఘటన జరిగిన ఆ ఘడియలో మనసు స్థితి ఏమిటన్నదే ముఖ్యం. అందుకే ఇటువంటి కేసుల్లో తొలి గంటల్లో నిందితుల ప్రవర్తన, వెంటనే జరిపే మానసిక వైద్య పరీక్ష కీలక సాక్ష్యాలవుతాయి.

మూడోది చిత్తూరు మేయర్‌ కటారి అనురాధ, ఆమె భర్త మోహన్‌ల జంటహత్య. 2015 నవంబరు 17న పట్టపగలు నగరపాలక సంస్థ కార్యాలయంలోనే జరిగింది. ఇది సాక్షులు లేని కేసు కాదు. తుపాకులు, కత్తులు, ముఖం కనిపించకుండా బురఖాలు, ఇవన్నీ ముందే సిద్ధం చేసుకొని వచ్చినవారి ఉద్దేశం గురించి సందేహానికి తావు లేదు. చిక్కంతా తెరవెనుక వారి గురించే. కుట్ర ఎక్కడా బహిరంగంగా జరగదు. ఎవరు ఎవరితో ఎప్పుడు కలిశారు, ఎవరి డబ్బు, ఎవరి వాహనం అన్న సాందర్భిక సాక్ష్యాలతోనే దానిని రుజువు చేయాలి. చిత్తూరు కోర్టు 2025 అక్టోబరు 31న అయిదుగురికి ఉరిశిక్ష విధించింది. మిగిలిన నిందితులపై నేరం నిలవలేదు. ఒకే ఘటనలో కొందరికి ఉరి, మరికొందరికి విముక్తి రావడం చూసి ఆశ్చర్యపోయినవారున్నారు. ఒక్కొక్కరి మనసును విడివిడిగా రుజువు చేయాలన్న నియమం అక్కడ కనిపిస్తుంది. కింది కోర్టు వేసిన ఏ ఉరిశిక్ష అయినా హైకోర్టు ధ్రువీకరిస్తేనే అమలవుతుంది. ఆ పరిశీలనలో ప్రతి కొక్కేన్నీ మళ్లీ లాగి చూస్తారు.

గొలుసు బలవంతంగా కలిపితే..

రుజువు చేయలేకపోవడం ఒక ప్రమాదం. లేని రుజువును అల్లడం అంతకన్నా పెద్ద ప్రమాదం. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం మహిళా వసతిగృహంలో ఓ విద్యార్థిని హత్యకు గురైంది. ప్రజాగ్రహం పెల్లుబికింది. పోలీసులు ఓ యువకుడిని చూపారు. 2010లో కింది కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతడిని నిర్దోషిగా ప్రకటించింది. ఎనిమిదేళ్లకు పైగా యౌవనం జైలులో గడిచిపోయింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సైతం అసలు నేరస్థుడు అతడు కాడని చెబుతూ వచ్చారు. 2018లో కేసు మళ్లీ సీబీఐకి వెళ్లింది. గొలుసు తెగితే ఒక్క కుటుంబానికే అన్యాయం జరుగుతుంది. బలవంతంగా కలిపితే రెండు కుటుంబాలకు జరుగుతుంది.

కొక్కెం జారేది ఎక్కడ?

హత్య జరిగినట్లు తెలియగానే ఊరు ఊరంతా గుమిగూడుతుంది. రక్తపు మరకల మీద నడుస్తారు, వస్తువులను పక్కకు జరుపుతారు. కొట్టిన వస్తువు అక్కడే ఉండేదా, బయట నుంచి వచ్చిందా అన్న విలువైన ఆనవాలు అప్పుడే చెరిగిపోతుంది. తరువాత శవ పంచనామా. దెబ్బలు లెక్కపెట్టి రాస్తారు గాని, వాటి దిశ, లోతు, గదిలో రక్తం చిమ్మిన తీరు నమోదు చేయడంలో శ్రద్ధ కొరవడుతుంది. పోస్టుమార్టం నివేదికలో ‘ఈ గాయం మామూలుగా ప్రాణం తీయడానికి చాలు’ అన్న అభిప్రాయం లేకపోతే, కోర్టులో వైద్యుడిని ఆ ప్రశ్న అడగడం మరిచిపోతే, విర్సాసింగ్‌ సూత్రంలోని చివరి మెట్టు కూలిపోతుంది.

నిందితుడు చూపిన చోట ఆయుధం దొరికిందన్న రికవరీ మీద పోలీసులకు మక్కువ ఎక్కువ. దీని హద్దులు చెప్పిన తీర్పు కూడా తెలుగువారి పేరుతోనే ఉంది. 1947 నాటి పులుకూరి కోటయ్య కేసులో ప్రీవీ కౌన్సిల్‌, నిందితుడి మాటల్లో వస్తువు దొరకడానికి దారితీసిన భాగం వరకే చెల్లుతుందని తేల్చింది. ‘కొడవలి గడ్డివాములో దాచాను’ అన్నది చెల్లుతుంది. ‘దానితోనే చంపాను’ అన్నది చెల్లదు. పాత 27వ సెక్షన్‌ స్థానంలో కొత్త చట్టంలో 23వ సెక్షన్‌ వచ్చినా సూత్రం మారలేదు. కొడవలి ఎక్కడుందో తెలిసినవాడని మాత్రమే రికవరీ చెబుతుంది. ఏ ఉద్దేశంతో పట్టాడో చెప్పదు.

సీసీ కెమెరా దృశ్యాలు, కాల్‌ వివరాలకు నిర్ణీత ధ్రువపత్రం ఉండాలని 2020లో సుప్రీంకోర్టు అర్జున్‌ పండిత్‌రావు కేసులో మరోసారి స్పష్టం చేసింది. కొత్త సాక్ష్య చట్టంలో ఇది 63వ సెక్షన్‌. చాలా దుకాణాల్లో, అపార్టుమెంట్లలో రికార్డయినవి కొద్ది రోజులకే వాటంతట అవి చెరిగిపోతాయి. ఘటనకు ముందు రోజుల దృశ్యాలు సన్నాహాన్ని చూపగలవు. పోలీసులు మాత్రం ఎక్కువగా ఘటన రోజు దృశ్యాలతోనే సరిపెడతారు. ఇలా రెండో గొలుసు వారి చేతి నుంచే జారిపోతోంది.

కొత్త చట్టాలు ఇందుకు కొంత మందు వేశాయి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్‌ నిపుణులు ఘటనాస్థలానికి రావాలని నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్‌ చెబుతోంది. సోదాలు, స్వాధీనాలను వీడియో తీయాలని 105వ సెక్షన్‌ నిర్దేశిస్తోంది. నిబంధన పుస్తకంలో ఉంటే చాలదు. కుప్పం మూల గ్రామంలో తెల్లవారుజామున శవం దొరికితే నిపుణుడు ఎన్ని గంటలకు చేరుకుంటాడన్న దాని మీదనే దాని ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఊరి బాధ్యతా ఉంది

మృతదేహం చుట్టూ గుంపు చేరకుండా చూడటం, వస్తువులను ముట్టకుండా ఉండటం, చివరిసారి మృతుడిని ఎవరితో ఎన్ని గంటలకు చూశారో గుర్తుండగానే చెప్పడం గ్రామస్థుల చేతిలోని పని. ‘మనకెందుకులే’ అని మౌనం వహించిన పాల వ్యాపారి, ఆటోడ్రైవర్‌, కిరాణా దుకాణదారు వద్ద ఉన్న చిన్న సంగతే ఒక్కోసారి తప్పిపోయిన కొక్కెం. మృతుడు బయలుదేరే ముందు ఇంట్లోవారితో అన్న చివరి మాటకు ఎంత విలువ ఉందో 1937 నాటి నూకరాజు భార్య సాక్ష్యం చెప్పింది.

తీర్పు వచ్చిన రోజున శిక్ష తక్కువైందని న్యాయస్థానాన్ని నిందించడం తేలిక. హత్య అని నమ్మిన కేసు నరహత్యగా మారినప్పుడు వేయవలసిన ప్రశ్న వేరు. ఉద్దేశాన్ని చూపే ఏ వస్తువును, ఏ గాయాన్ని, ఏ రికార్డును కోర్టు ముందు ఉంచారు? ఆ జాబితా అడిగే హక్కు చనిపోయినవారి కుటుంబానికి ఉంది. శిక్ష పడబోయే మనిషికీ ఉంది.